ఆన్ చేయగానే వైఫై ఎందుకు మొరాయిస్తుంది?

కంప్యూటర్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ వస్తుంది కానీ వైఫై రాదు. కింద మూలన వైఫై గుర్తుకు బదులు గ్లోబు బొమ్మ ఉంటుంది. పక్కనే ఫోన్‌లో అదే వైఫై మీద వీడియోలు ఆడుతుంటాయి. కంప్యూటర్‌లో వైఫై ఆపి మళ్లీ పెడితేనో, రీస్టార్ట్ చేస్తేనో అంతా సర్దుకుంటుంది. ఇక రాత్రి దాకా ఏ ఇబ్బందీ ఉండదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఇదే తంతు.

దీనికి దొరికే సలహాలు ఎక్కువగా ఒకే మూసలో ఉంటాయి. డ్రైవర్ (వైఫై కార్డును విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రామ్) తీసేసి మళ్లీ వేయండి, నెట్‌వర్క్ రీసెట్ కొట్టండి, అదీ కుదరకపోతే రూటర్ మార్చండి అంటారు. ఒక్కోసారి వీటితో పని జరుగుతుంది కూడా. కానీ ఎందుకు జరిగిందో తెలియదు కాబట్టి, నెల తర్వాత సమస్య తిరిగొస్తే కథ మళ్లీ మొదటికే. ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. రోజంతా వైఫై బాగానే నడుస్తోందంటే పాస్‌వర్డ్ సరైనదే, కంప్యూటర్‌లోని వైఫై కార్డు బతికే ఉంది, రూటర్‌లో లోపం లేదు. తేడా అంతా మొదటి రెండు మూడు నిమిషాల్లోనే ఉంది. ఎవరు ముందు లేచారు, ఎవరు ఎవరి కోసం ఆగలేదు అన్నదే అక్కడ ప్రశ్న.

వైఫై కలవడం మనకు ఒక్క క్లిక్కులా కనిపిస్తుంది గానీ లోపల ఐదారు పనులు వరుసగా జరగాలి. ముందు విండోస్ వైఫై కార్డును గుర్తించి డ్రైవర్‌ను లేపాలి. ఆ చిన్న కార్డుకు కూడా సొంత ప్రాసెసర్ ఉంటుంది, కాబట్టి డ్రైవర్ దానిలోకి ఫర్మ్‌వేర్, అంటే ఆ ప్రాసెసర్ నడవడానికి కావాల్సిన ప్రోగ్రామ్, ఎక్కించాలి. తర్వాత డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ అనే విండోస్ సర్వీస్ మొదలై చుట్టుపక్కల ఏ నెట్‌వర్కులు ఉన్నాయో వెతకాలి. రూటర్ సెకనుకు దాదాపు పదిసార్లు తన పేరు చాటుతూనే ఉంటుంది, అందువల్ల వెతకడం పెద్ద పని కాదు. పేరు దొరికాక, ముందే దాచుకున్న పాస్‌వర్డ్ ఆధారంగా కార్డుకూ రూటర్‌కూ మధ్య నాలుగు సందేశాలు నడుస్తాయి. అవి సరిపోలితే రూటర్ లోపలికి రానిస్తుంది. అప్పుడు నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కు చిరునామాగా పనిచేసే ఐపీ అడ్రస్ అడిగి తీసుకోవాలి. ఇవన్నీ అయ్యాక, ఇంటర్నెట్ నిజంగా వస్తోందా లేదా అని విండోస్ సొంతంగా పరీక్షించుకుంటుంది.

ఈ వరుసలో ఎక్కడ ఆగిందో తెర మీదే కనిపిస్తుంది. వైఫై బటనే లేకపోతే కార్డు లేవలేదని అర్థం. బటన్ ఉండి, జాబితాలో పక్కింటి వాళ్ల పేర్లు కనిపిస్తూ మీ పేరు మాత్రం లేకపోతే రూటర్ వైపు చూడాలి. మీ పేరు ఉండీ తానుగా కలవకపోతే అది సెట్టింగ్ సంగతి. కలిశాక 'నో ఇంటర్నెట్' అంటుంటే ఐపీ అడ్రస్ దగ్గరో, ఆ తర్వాతో తెగింది. అందుకే ఏ బటనూ నొక్కకముందే ఆ తెరను ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. రిపేరు మొదలుపెట్టాక ఈ ఆధారం మిగలదు.

రెండో ఆధారం ఇంకా విలువైనది. షట్‌డౌన్ చేసి ఆన్ చేసినప్పుడు వైఫై రాకుండా, రీస్టార్ట్ చేస్తే మాత్రం వస్తోందా? అలాగైతే సగం జవాబు దొరికినట్టే.

మనమంతా రీస్టార్ట్ అంటే ఆపి మళ్లీ ఆన్ చేయడమే అనుకుంటాం. అమెరికాలో ఉన్న అబ్బాయి ఫోన్‌లో "ఒకసారి రీస్టార్ట్ చేయి నాన్నా" అంటే, ఇక్కడ నాన్న నిక్షేపంగా షట్‌డౌన్ కొట్టి, కాఫీ తాగొచ్చి, మళ్లీ ఆన్ చేస్తారు. "చేశాన్రా, అయినా రాలేదు" అంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చినప్పటి నుంచి ఈ రెండూ ఒకటి కావు. షట్‌డౌన్ నొక్కితే మీరు తెరిచిన ప్రోగ్రాములన్నీ మూతపడతాయి గానీ, విండోస్ కెర్నల్ (విండోస్‌కు గుండెకాయ లాంటి భాగం), దాంతోపాటు లోడైన డ్రైవర్లు ఏ స్థితిలో ఉన్నాయో అలాగే విండోస్ డిస్క్ మీద ఒక ఫైల్‌లోకి రాసిపెట్టుకుంటుంది. మళ్లీ ఆన్ చేస్తే అన్నిటినీ కొత్తగా లేపకుండా ఆ ఫైల్‌ను మెమరీలోకి చదివేస్తుంది. దుకాణం కట్టేసేటప్పుడు సరుకంతా ఎక్కడిదక్కడే వదిలి షట్టర్ మాత్రం దించినట్టన్నమాట. రీస్టార్ట్ మాత్రం అంతా ఖాళీ చేసి మొదటి నుంచి సర్దుతుంది. అంటే కంప్యూటర్‌ను నిజంగా కొత్తగా లేపేది రీస్టార్టే. పేర్లు చూస్తే దీనికి పూర్తిగా వ్యతిరేకంగా అనిపిస్తుంది, అందులో వాడేవాళ్ల తప్పేమీ లేదు.

నమ్మకం కలగకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ దగ్గర 'అప్ టైమ్' ఎంతుందో చూడండి. రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే కంప్యూటర్‌లో కూడా అక్కడ రోజుల లెక్క కనిపిస్తుంటే ఫాస్ట్ స్టార్టప్ నడుస్తోందని అర్థం.

దీనికీ వైఫైకీ లంకె ఎక్కడుందంటే, రాత్రి కరెంటు ఆగిపోయినప్పుడు కార్డులోని ఫర్మ్‌వేర్ తుడిచిపెట్టుకుపోతుంది. పొద్దున డ్రైవర్ మాత్రం రాత్రి నాటి జ్ఞాపకంతో లేస్తుంది. 'ఆగి లేచాం, కార్డును మళ్లీ మొదటి నుంచి సిద్ధం చేయాలి' అని డ్రైవర్ గ్రహించాలి. బాగా రాసిన డ్రైవర్ ఆ పని చేస్తుంది. పాతదో, లోపం ఉన్నదో అయితే కార్డు తన మాట వింటోందనే భ్రమలో ఉండిపోతుంది. అప్పుడు వైఫై బటన్ మాయమవుతుంది, లేదంటే బటన్ ఉండీ జాబితా ఖాళీగా ఉంటుంది.

పరీక్షించడానికి సెట్టింగులు మార్చనక్కర్లేదు. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ మీద క్లిక్ చేస్తే ఆ ఒక్కసారికి పూర్తి షట్‌డౌన్ జరుగుతుంది. వరుసగా కొన్ని రాత్రులు అలా ఆపి చూడండి. పొద్దున వైఫై బుద్ధిగా వస్తోందంటే దొంగ దొరికినట్టే. శాశ్వతంగా ఆపాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, ఎడమవైపున్న 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ' తెరవాలి. అక్కడ 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' టిక్కు బూడిద రంగులో ఉండి కదలదు. పైన ఉన్న 'చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్' లింకు నొక్కాకే దాన్ని తీసేయగలం. హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటర్‌లో దీనివల్ల నష్టపోయేది కొన్ని సెకన్లే. హార్డ్ డిస్కుల కాలంలో ఫాస్ట్ స్టార్టప్‌కు అర్థం ఉండేది. ఎస్ఎస్‌డీ వచ్చాక అది ఇచ్చే లాభం కంటే తెచ్చే తలనొప్పే ఎక్కువని నా అభిప్రాయం. తయారీ కంపెనీ సైటు నుంచి కొత్త వైఫై డ్రైవర్ వేస్తే ఫాస్ట్ స్టార్టప్‌ను ఉంచుకునే వైఫై నడిచే అవకాశం కూడా ఉంది. రెండూ ఒకేసారి మాత్రం చేయకండి, చేస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

పూర్తి షట్‌డౌన్ చేసినా బటన్ రావడం లేదనుకోండి. అప్పుడు డివైస్ మేనేజర్ తెరిచి, నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై కార్డు మీద పసుపు త్రికోణం ఉందేమో చూడాలి. దాన్ని డబుల్ క్లిక్ చేస్తే 'కోడ్ 10' అని కనిపించవచ్చు. పరికరాన్ని మొదలుపెట్టలేకపోయానని విండోస్ చెప్పే తీరు అది. ల్యాప్‌టాప్ మదర్‌బోర్డులో మిగిలిపోయిన కాస్త కరెంటు కార్డును ఆ చిక్కుస్థితిలోనే పట్టి ఉంచడం ఇందుకు ఒక కారణం. పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడదీయగలిగేదైతే అదీ తీసి, పవర్ బటన్‌ను 30 సెకన్ల దాకా నొక్కి పట్టుకుంటే ఆ మిగులు కరెంటు పోతుంది. చూడ్డానికి తాయెత్తు కట్టే వైద్యంలా ఉంటుంది గానీ దీని వెనుక కారణం ఉంది, చాలాసార్లు పనిచేస్తుంది కూడా.

డెస్క్‌టాప్‌కు యూఎస్‌బీ డాంగిల్ (పోర్టులో గుచ్చే చిన్న వైఫై పరికరం) పెట్టుకున్నవాళ్లకు ఇంకో వింత ఎదురవుతుంది. రియల్‌టెక్ చిప్ ఉన్న కొన్ని డాంగిల్స్ లోపల తమ డ్రైవర్‌ను కూడా మోసుకొస్తాయి. ఆన్ చేయగానే అవి ముందు సీడీ డ్రైవ్‌గా పరిచయం చేసుకుని, డ్రైవర్ చెబితే అప్పుడు వైఫై కార్డుగా మారతాయి. ఆ మార్పు జరగకపోతే 'దిస్ పీసీ'లో మీరెప్పుడూ కొనని ఒక సీడీ డ్రైవ్ కనిపిస్తూ, వైఫై మాత్రం ఉండదు. ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ నొక్కితే డాంగిల్ అసలు రూపంలోకి వస్తుంది. ఇంకో మాట, డాంగిల్‌ను యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టి, పక్క పోర్టులో బయటి హార్డ్ డిస్క్ తగిలించకండి. యూఎస్‌బీ 3 వైర్ల నుంచి వచ్చే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పడుతుంది. ఇంటెల్ ఈ సంగతిని 2012లోనే పత్రం రాసి మరీ చెప్పింది.

కార్డు లేచింది, మీ నెట్‌వర్క్ పేరూ కనిపిస్తోంది, కానీ తానుగా కలవడం లేదంటే పని తేలిక. ఆ పేరు మీద క్లిక్ చేసి 'కనెక్ట్ ఆటోమేటికల్లీ' టిక్కు పెట్టాలి. ఎప్పుడైనా మీరే డిస్‌కనెక్ట్ నొక్కి ఉంటే, ఈ నెట్‌వర్క్ మీకు వద్దనుకుని విండోస్ దానంతటది కలపడం మానేస్తుంది. ఇంట్లో రెండు మూడు నెట్‌వర్కులు సేవ్ చేసి ఉంటే, విండోస్ దూరంగా ఉన్న పాత రిపీటర్‌ను (వైఫైని దూరానికి అందించే పెట్టెను) పట్టుకుని వేలాడుతుండవచ్చు. అక్కర్లేనివాటిని 'ఫర్గెట్' చేసేయండి.

డివైస్ మేనేజర్‌లోని పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా టిక్కు తీసేయమని ప్రతి సలహాలోనూ ఉంటుంది. అది ముఖ్యంగా కంప్యూటర్ నిద్రలోంచి లేచినప్పుడు వైఫై పోయేవాళ్లకు పనికొచ్చేది. ఆన్ చేసినప్పుడు మాత్రమే వచ్చే సమస్యకు దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు రూటర్ వైపు. మన ఊళ్లలో 'ఆన్ చేయగానే' అనే మాట వెనుక తరచుగా కరెంటు పోయి రావడం ఉంటుంది. కరెంటు రాగానే ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్, రూటర్, కంప్యూటర్ అన్నీ ఒకేసారి లేస్తాయి. కొన్ని ఆఫీసుల్లో, షాపుల్లో డెస్క్‌టాప్‌ల బయాస్‌లో (విండోస్ కంటే ముందు లేచే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) కరెంటు రాగానే ఆన్ అయ్యేలా పెట్టి ఉంచుతారు, అక్కడ ఈ పరుగుపందెం ఇంకా కచ్చితంగా మొదలవుతుంది. ఎస్ఎస్‌డీ ఉన్న కంప్యూటర్ అర నిమిషంలోపే డెస్క్‌టాప్ చూపిస్తుంది. ఇంటర్నెట్ లైన్ తెచ్చే ఫైబర్ పెట్టె మాత్రం ముందు తాను లేచి, కంపెనీ వైపు పరికరంతో కలిసి, లైన్ తెచ్చుకునేసరికి నిమిషాలు పడుతుంది. దానికి విడిగా ఇంకో రూటర్ తగిలించి ఉంటే మరికాస్త ఆలస్యం.

రూటర్ వాడే రేడియో శ్రేణుల్లో ఒకటైన 5 గిగాహెర్ట్జ్‌లోని వైఫై పేరు ఆలస్యంగా కనిపించడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ శ్రేణిలో 52 నుంచి 144 వరకు ఉన్న ఛానెళ్లను వాతావరణ రాడార్ల వంటివి కూడా వాడుకుంటాయి. చాలా దేశాల నిబంధనల ప్రకారం రూటర్ ఆ ఛానెల్‌లో మాట్లాడే ముందు కనీసం 60 సెకన్లు మౌనంగా విని, రాడార్ లేదని తేల్చుకోవాలి. అందుకే రూటర్ దీపాలన్నీ వెలుగుతున్నా 5 గిగాహెర్ట్జ్ పేరు కాసేపు జాబితాలో ఉండదు. రూటర్ సెట్టింగుల్లో ఛానెల్‌ను ఆటో నుంచి తీసి 36 నుంచి 48 మధ్య ఏదో ఒకటి పెడితే ఈ నిరీక్షణ తప్పుతుంది.

రూటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోవడం ఈ తరహా సమస్యకు సూటి మందు. చాలా రూటర్లు 12 వోల్టుల అడాప్టర్ మీదే నడుస్తాయి, వాటికి సరిపోయే చిన్న యూపీఎస్‌లు బజారులో దొరుకుతాయి. ఫైబర్ పెట్టె, రూటర్ విడివిడిగా ఉంటే రెండింటికీ పెట్టాలి. ఒకదానికే పెడితే డబ్బు దండగ.

పరుగుపందెంలో కంప్యూటర్ గెలిస్తే కొన్నిసార్లు ఇంకో రకం చిక్కు వస్తుంది. కొన్ని రిపీటర్లు, రూటర్లు పైనుంచి తమకు లైన్ రాకముందే వైఫై పేరు చాటడం మొదలుపెడతాయి. కంప్యూటర్ సంతోషంగా కలుస్తుంది, ఐపీ అడ్రస్ అడుగుతుంది, అవతల నుంచి జవాబు రాదు. కాసేపు చూసి, విండోస్ తనకు తానే ఒక అడ్రస్ పెట్టుకుంటుంది. అది ఎప్పుడూ 169.254తో మొదలవుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టినప్పుడు ఈ అంకెలు కనిపిస్తే, వైఫై కలిసింది గానీ అడ్రస్ ఇచ్చేవాళ్లు లేరని అర్థం. విండోస్ ఆ తర్వాత కూడా కొన్ని నిమిషాలకోసారి మళ్లీ అడుగుతూనే ఉంటుంది. "ఏం చేయకుండా వదిలేస్తే కాసేపటికి అదే వస్తుంది" అని కొందరు చెప్పేది దీని గురించే. తొందరైతే వైఫై ఆపి పెట్టండి, వెంటనే కొత్తగా అడుగుతుంది. హాస్టళ్లలో, పీజీల్లో అయితే కారణం వేరు. రూటర్ దగ్గర ఉన్న అడ్రస్‌లకంటే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఎక్కువైతే ఆలస్యంగా లేచినవాడికి అడ్రస్ మిగలదు. విండోస్‌లో 'ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్' ఆన్ చేసి, రోజూ మారేలా పెట్టి ఉంటే ఒకే ల్యాప్‌టాప్ రోజుకో కొత్త పరికరంలా కనిపించి ఈ కరువును ఇంకా పెంచుతుంది.

అడ్రస్ సరిగ్గా, సాధారణంగా ఇళ్లలో 192.168తో మొదలయ్యేది వచ్చి కూడా 'నో ఇంటర్నెట్' అంటుంటే విండోస్ మాటను వెంటనే నమ్మకండి. విండోస్ చేసే పరీక్ష చాలా చిన్నది. మైక్రోసాఫ్ట్ సర్వర్‌లో ఒక టెక్స్ట్ ఫైల్ ఉంటుంది, అందులో ఉండేవి 'మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్' అనే మూడు మాటలే. అది అందితే ఇంటర్నెట్ ఉన్నట్టు, అందకపోతే లేనట్టు. మీ వీపీఎన్‌కు (ఇంటర్నెట్ మీద రహస్య దారి వేసే ప్రోగ్రామ్‌కు) కిల్ స్విచ్ ఉండి, తాను కలిసేదాకా దేన్నీ బయటికి పోనివ్వకపోతే ఈ పరీక్ష తప్పుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ముందు అనుమానించాల్సింది దీన్నే.

పాత డెస్క్‌టాప్ అయితే ఓసారి గడియారం చూడండి. మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అనే నాణెం లాంటి బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే, ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. వైఫై మామూలుగానే కలుస్తుంది, కానీ సైట్ల భద్రతా సర్టిఫికెట్లు ఇంకా చెల్లుబాటులోకి రానట్టు కనిపించి బ్రౌజర్ దేన్నీ తెరవదు. చవకైన బ్యాటరీ మారిస్తే తీరే సమస్యకు రూటర్లు మార్చేవాళ్లున్నారు.

ఉబుంటు వంటి లైనక్స్ వాడేవాళ్ల దగ్గర కథ కాస్త మారుతుంది. అక్కడ వైఫై పాస్‌వర్డ్ ఒక్కోసారి మీ సొంత కీరింగ్‌లోనో, కేడీఈ వాలెట్‌లోనో (ఇవి పాస్‌వర్డులు దాచే తాళం పెట్టెల్లాంటివి) ఉంటుంది. మీరు లాగిన్ అయ్యేదాకా అది తెరుచుకోదు. ఆటో లాగిన్ పెట్టుకుంటే పాస్‌వర్డ్ కొట్టే అవసరమే రాదు, దాంతో కీరింగ్ మూసే ఉంటుంది, ఆన్ చేసిన ప్రతిసారీ ఒక పెట్టె వచ్చి అడుగుతుంది. ఆ కనెక్షన్ సెట్టింగుల్లో యూజర్లందరికీ అందుబాటులో ఉండేలా టిక్కు పెడితే పాస్‌వర్డ్ సిస్టమ్ దగ్గరికి మారుతుంది, లాగిన్‌కు ముందే వైఫై వస్తుంది. ఒకే కంప్యూటర్‌లో విండోస్, లైనక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లకు మాత్రం పాత ముద్దాయే మళ్లీ ఎదురవుతాడు. విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌తో ఆగితే ఇంటెల్ వైఫై కార్డు ఒక్కోసారి లైనక్స్‌కు లొంగని స్థితిలో ఉండిపోతుంది. తప్పు విండోస్‌లో ఉంటుంది, తిట్లు లైనక్స్ తింటుంది.

ఇంతా చూసి కూడా అర్థం కాకపోతే విండోస్ దగ్గర ఒక మంచి రిపోర్ట్ ఉంది, ఎందుకో దాన్ని ఎవరూ పట్టించుకోరు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్‌ఎస్‌హెచ్, డబ్ల్యూలాన్, షో, డబ్ల్యూలాన్‌రిపోర్ట్ (netsh wlan show wlanreport) అనే నాలుగు మాటలను మధ్యలో ఖాళీ వదులుతూ కొడితే, గత మూడు రోజుల్లో వైఫై ఎప్పుడు కలిసింది, ఎప్పుడు తెగింది, ఎందుకు తెగింది అన్నది బొమ్మతో సహా ఒక పేజీగా తయారవుతుంది. అందులో 8001 అంకె ఉంటే కలిసినట్టు, 8002 అంటే ప్రయత్నించి విఫలమైనట్టు, 8003 అంటే తెగిపోయినట్టు. మీరు ఆన్ చేసిన సమయం దగ్గర 8002 ఉంటే పక్కనే కారణం రాసి ఉంటుంది. అసలేమీ లేకపోతే కలిసే ప్రయత్నమే జరగలేదు, అంటే మళ్లీ కార్డు, డ్రైవర్ల దగ్గరికే వెళ్లాలి. నెట్‌వర్క్ రీసెట్ కొట్టాలనుకుంటే ఈ పేజీ చూశాకే కొట్టండి. అది అడాప్టర్లను తీసేసి మళ్లీ పెడుతుంది, వీపీఎన్ వంటి ఏర్పాట్లను మీరు మళ్లీ చేసుకోవాల్సి రావచ్చు.

కోడ్ 10 పోయి పోయి మళ్లీ వస్తుంటే, లైనక్స్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసినా కార్డు కనబడకపోతే, ఇక అది హార్డ్‌వేర్ సంగతే. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై కార్డు విడిగా, ఒక్క స్క్రూతో ఎం.2 స్లాట్‌లో ఉంటుంది, మార్చుకోవచ్చు. కొన్ని పలచటి మోడళ్లలో మాత్రం బోర్డుకే అతికించి ఉంటుంది, వాటికి డాంగిలే దిక్కు. కొత్త కార్డు కొనేముందు పాతదాని మీదున్న మోడల్ నంబర్ చూసుకోండి. ఇంటెల్ కార్డుల్లో ఏఎక్స్ 200 చాలా ల్యాప్‌టాప్‌లలో నడుస్తుంది. పేరులో ఒక్క అంకె తేడా ఉన్న ఏఎక్స్ 201 మాత్రం దానికి తగిన ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లోనే పనిచేస్తుంది, ఏఎండీ ప్రాసెసర్ ఉన్నదాంట్లో పెడితే అసలు కనిపించనే కనిపించదు.